దేశాంతర విశేషములు: గాంబియా గుమ్మమున అతిథులు



ఇంటికి అతిథి వచ్చిన నాటి సందడి యెట్టిదో మీకు నేను వేఱుగ చెప్పవలసిన పని లేదు. ఆ పూట దాచిన నేయి బయటికి వచ్చును. పిల్లల కని యుంచిన పండ్లు పళ్లెములోనికి చేరును. ఇల్లాలి ముఖమున ఎంత అలసటయున్నను చిఱునవ్వు చెదరదు. అతిథి సంతుష్టుడై వెడలిపోయిన పిమ్మట ఆమె వంటయింట ఒంటరిగా కూర్చుండి లెక్క చూచుకొనును. ఏమి ఖర్చయినది? ఏమి మిగిలినది? రేపటి కేమి గలదు? ఆ లెక్క అతిథికి తెలియదు, తెలియనీయము కూడ. అది మన మర్యాద.

ఒక దేశమునకు దేశమే యిట్టి యిల్లాలైన దనుకొనుడు. ఏటేట లక్షలకొలది అతిథులు విమానములలో వచ్చి దిగుచుందురు. వారు ఊరక తిని పోవువారు కారు, సొమ్మిచ్చియే తినువారు. అయినను వారు వెడలిపోయిన పిమ్మట ఆ దేశపు స్త్రీలు లెక్క చూచుకొన్నచో చేతిలో మిగులున దెంత? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై ఈ మాసము మిమ్ము పశ్చిమాఫ్రికాలోని గాంబియా అను చిన్న దేశమునకు తోడ్కొని పోయెదను.

గాంబియా విస్తీర్ణము సుమారు 11,300 చదరపు కిలోమీటర్లు. విభజింపబడక పూర్వము మన గుంటూరు జిల్లా యెంత యుండెనో ఆ దేశమంతయు నించుమించు అంతయే. మూడు వైపుల సెనెగల్ దేశము, నాల్గవ వైపున అట్లాంటిక్ మహాసముద్రము. నడుమ గాంబియా నది ప్రవహించుచుండగా, దాని రెండు గట్టులను అంటి పెట్టుకొని సన్నని పట్టీవలె ఆ దేశము సాగియున్నది. జనసంఖ్య సుమారు 24 లక్షలు. మాండింకా, ఫులా, వోలోఫ్, జోలా మున్నగు తెగలవారు అచ్చట కలసి మెలసి నివసింతురు. వారిలో మిక్కిలి హెచ్చుమంది మహమ్మదీయులు. ఆంగ్లేయుల పాలన 1965వ సంవత్సరము ఫిబ్రవరి 18వ తేదీతో ముగిసినది. రాజధాని పేరు బంజుల్. అచ్చటి నాణెము దలాసీ.

ఆఫ్రికా యనగానే మనకు సింహములును, ఎడారులును జ్ఞప్తికి వచ్చును. కాని గాంబియా యిల్లాలి వంటయింటిలోనికి తొంగి చూచినచో అది పరాయి యిల్లని తోచదు. మన రాయలసీమ రైతువలెనే ఆ దేశపు రైతును వేరుసెనగ పంటను నమ్ముకొన్నవాడు. ఆంగ్లేయుల కాలమునుండియు ఆ దేశపు ముఖ్యమైన ఎగుమతులలో అది యొకటి. వేరుసెనగ ముద్దతో మాంసమును గాని చేపను గాని ఉడికించి అన్నముపై పోసికొను ‘డొమోడా’ అను కూర వారికి మిక్కిలి ప్రీతి. మన యెఱ్ఱ గోగు చెట్టు వారి పెఱళ్లలోను పెరుగును. మనము దాని ఆకుతో పచ్చడి చేసికొందుము. వారు దాని యెఱ్ఱని పూదొప్పలను నీటిలో మరిగించి, పంచదార కలిపి ‘వోంజో’ అను పానకము చేసికొందురు. మనలో చీటీ కట్టు అలవాటున్నట్లే వారిలో ‘ఒసుసు’ అను కట్టుబాటు గలదు. ఇరుగు పొరుగు స్త్రీలు కలసి నియమిత కాలమునకు కొంత సొమ్ము వేసికొని, వంతు ప్రకారము ఒక్కొక్కరు మొత్తమును తీసికొందురు. ఆ సొమ్ముతో ఒకతె బిడ్డకు బడిజీతము కట్టును, వేఱొకతె వ్యాపారమునకు సరకు కొనును.

పొలముపనిలో పూర్వమునుండియు ఒక పంపకము కలదు. వేరుసెనగ పురుషులది, వరియును కూరగాయలును స్త్రీలవి. వర్షములు జూన్ నెలలో మొదలై అక్టోబరుతో ముగియును. ఆ పిమ్మట స్త్రీలు తోటలలో బావులు త్రవ్వుకొని, చేదలతో నీరు తోడి, ఉల్లి, వంగ, టొమాటో, మిరప మున్నగువాని పెంచుదురు. పొద్దు పొడువక ముందు ఒకసారి, పొద్దు వాలునప్పుడు మఱియొకసారి ఆ నీటిమోత తప్పదు. ఈ సంగతిని మనస్సున నుంచుకొనుడు. ముందు దీనితో పని గలదు.

ఇక అతిథుల మాట. దేశము స్వతంత్రమైన ఆ 1965వ సంవత్సరముననే బెర్టిల్ హార్డింగ్ అను స్వీడన్ దేశీయుని పూనికతో సుమారు 300 మంది స్వీడన్ విహారయాత్రికులు గాంబియా తీరమునకు వచ్చిరి. నవంబరు మొదలు ఏప్రిల్ వఱకు ఉత్తర ఐరోపాలో మంచు, చీకటి, చలి. ఆ నెలలలోనే గాంబియాలో వాన చినుకు లేదు, ఉక్క లేదు, తెల్లని యిసుకపై బంగారమువంటి యెండ. విమానమున ఆఱు గంటల ప్రయాణము. చలికి వడకువానికి ఎండ యెంత విలువైన సరకో ఊహింపుడు! నాటి 300 మంది, 2019వ సంవత్సరము నాటికి రెండు లక్షలు దాటిరి. బ్రిటన్, హాలెండు, స్కాండినేవియా దేశములవారు అందులో ముఖ్యులు. తీరమువెంట పోవు పెద్ద రహదారికి ఆ హార్డింగ్ పేరే పెట్టబడినది. దేశాదాయములో సుమారు అయిదవ వంతు ఈ వ్యాపారమువలననే లభించునని అంచనా. ఆ దేశము తన్ను తాను ‘ఆఫ్రికా యొక్క నవ్వు తీరము’ అని ప్రకటించుకొనును.

నవ్వు తీరము! పేరు బాగుగనే యున్నది. కాని నవ్వు ఇల్లాలి మనస్సునుండి వచ్చినప్పుడొక తీరు, కూలికై తెచ్చి పెట్టుకొన్నప్పుడు వేఱొక తీరు. అందుచేత ఆ నవ్వు వెనుకనున్న లెక్కను చూతము.

లండనులోనున్న దంపతు లిద్దఱు రెండు వారములు గాంబియాలో గడపగోరినారనుకొనుడు. వారు తమ ఊరిలోని యాత్రా కంపెనీకి ఒక్క మొత్తముగ సొమ్ము చెల్లింతురు. ఆ సొమ్ములోనే విమానము, గది, తరచుగ భోజనమును చేరియుండును. విమానము విదేశీయులది, కంపెనీ విదేశీయులది, పెక్కు హోటళ్లలో పెట్టుబడియు విదేశీయులదే. కావున వారిచ్చిన ప్రతి రూపాయిలో పెద్ద భాగము గాంబియా గడప తొక్కకయే వెనుకకు మరలును. మిగిలిన దానిలో హోటలు తన వంటయింటికి సరకు కొనవలయును. ఆ సరకులోను ఉల్లిగడ్డ హాలెండునుండి, కోడిమాంసము దూరదేశములనుండి ఓడలలో వచ్చినదైనచో, ఇంటి పెఱటిలో కూర యెండిపోవుచుండగా అంగడికూర కొన్నట్లే గదా! తుదకు ఆ దేశమున నిలుచునది సేవకుల జీతములును, ప్రభుత్వమునకు చెందు పన్నులును, అతిథి తనంతట తాను హోటలు గుమ్మము దాటి వచ్చి వెచ్చించు చిల్లరయును.

ఈ చిల్లరనే మనము తక్కువగ చూడరాదు. పన్నులును జీతములును పెక్కు చేతులు మాఱి యింటికి చేరును. చిల్లర యన్ననో, నేరుగ చేతిలో పడును. పండ్లమ్మునది, పూసలు గ్రుచ్చునది, గుడ్డలకు ముడులు వేసి రంగులద్దునది, కొయ్య బొమ్మలు చెక్కువాడు, బాడుగ కారు నడుపువాడు—వీరందఱు ఆ చిల్లరతోనే బ్రదుకుదురు. వీరు కూడి అంగళ్లు పెట్టుకొను చోట్లకు మాండింకా భాషలో ‘బెంగ్‌డులా’ అని పేరు.

ఇట్టి చిన్న జీవులకు పిడుగువంటిది ఒకటి వచ్చినది. హోటలు లోపలనే తిండి, త్రాగుడు, ఆటపాటలు సర్వము ముందే చెల్లించిన సొమ్ములో ఇమిడియుండు పద్ధతి అది. అతిథి మణికట్టునకు ఒక పట్టీ కట్టుదురు. ఆ పట్టీ యున్నంతవఱకు ఏమి కోరినను లోపలనే లభించును. ఇక వాడు బయటికి వచ్చి పండు కొనుట యెందులకు? వీథిలోని పూటకూటింట భుజించుట యెందులకు? చిన్న వర్తకులు మొఱపెట్టుకొనగా 1999వ సంవత్సరమున గాంబియా ప్రభుత్వము ఈ పద్ధతిని నిషేధించినది. ఇది సాహసమైన పని. కాని విదేశీ యాత్రా కంపెనీలు తమ విమానములను వేఱు దేశములకు మరలించుకొందు మనిరి. అంతట ఏడాది తిరిగి వచ్చుసరికి, 2000వ సంవత్సరమున, ఆ నిషేధము ఎత్తివేయబడినది. అతిథిని రావలదని చెప్పు శక్తి లేని యింట, భోజనము ఎచ్చట వడ్డించవలెనో అతిథియే నిర్ణయించును.

సొమ్ము మాట యిట్లుండగా, నేల మాట వేఱొకటి. సముద్రతీరమున కొన్ని మైళ్ల పొడవున ఒక పట్టీ నేలను ప్రభుత్వము 1970వ దశకముననే హోటళ్లకొఱకు ప్రత్యేకించినది. ఊరివారు అటుపై ఆ నేలను తమ ఇచ్చవచ్చినట్లు వాడుకొనుటకు వీలు లేకపోయినది. భవనములు పెరిగిన కొలది ఇసుక కావలసివచ్చినది. అది తీరమునుండియే త్రవ్వబడినది. హోటళ్లకే కాదు, పెరుగుచున్న పట్టణములలోని ఇండ్లకును ఆ ఇసుకయే గతి. దక్షిణపు కొననున్న కార్టాంగ్ అను గ్రామమున ఆ త్రవ్వకమువలన ఏర్పడిన గోతులు తమ కూరతోటలకు చేటు తెచ్చినవని స్త్రీలు గోలపెట్టిరి. సముద్రమును ఊరకుండలేదు. కొలోలి తీరమున, పెద్ద హోటళ్ల యెదుటనే, అలలు ఇసుకను కోసివేయగా, 2003–04 ప్రాంతమున మిక్కిలి సొమ్ము వెచ్చించి సముద్రగర్భమునుండి ఇసుకను తోడి పోసిరి. కొన్నియేండ్లలోనే దానిలో హెచ్చు భాగమును సముద్రము మరల తీసికొనిపోయినది. అతిథి యే యిసుకను చూడ వచ్చెనో ఆ యిసుకయే నిలువనిచో, ఇక పిలుపున కర్థమేమి?

నేలకంటెను మనుష్యులను గూర్చిన విచారము పెద్దది. ఆ తీరమున పనిపాటులు లేని యువకులు యాత్రికుల వెంట నడచుచు, మాటలు కలుపుచు, దారి చూపుదు మనుచు, తుదకు కొంత సొమ్మో, విదేశమునకు పోవు మార్గమో దొరకునని ఆశింతురు. వీరిని ‘బంస్టర్లు’ అందురు. హోటలువారు వీరిని చీదరించుకొందురు, పోలీసులు తరుముదురు. కాని ఆ కుఱ్ఱవాని తల్లి మాటయో? తెల్లవారిని అచ్చట ‘తుబాబ్’ అని పిలుతురు. ఒక తుబాబు చిన్ననాడు చేతిలో పెట్టిన కలమో మిఠాయియో వానికి జ్ఞాపకము. బడికి పోవుటకంటె తీరమునకు పోవుట లాభమని ఆనాడే వాడు నేర్చుకొనెను. దయతో నిచ్చిన కానుకయే ఒక బిడ్డకు చేయి చాచుట నేర్పినదన్న మాట. మంచిమనస్సుగల యాత్రికులు గాంబియా పిల్లలకు బడిజీతములు కట్టి చదివించుచున్న మాటయు నిజమే, దానిని కాదనరాదు. కాని బిడ్డ చదువు తండ్రి సంపాదనపై నిలుచుట వేఱు, పరాయివాని దయపై నిలుచుట వేఱు.

ఇంతకంటె ఘోరమైన విషయమును వ్రాయుటకు కలము వెనుదీయుచున్నను, తల్లులు చదువు పత్రికలో దాచుట తగదు. సొమ్మును చూపి పసిబిడ్డలను చెఱచు దుర్మార్గులు యాత్రికుల వేషమున అచ్చటికిని చేరిరి. దీనిని అరికట్టుటకై గాంబియా శాసనసభ 2003వ సంవత్సరమున ప్రత్యేకముగ ఒక శాసనము చేసి, యాత్రికుల విషయమున జరుగు అట్టి నేరములకు శిక్షలు విధించినది. శాసనము ఒక గోడ. కాని బిడ్డ ఆకలితో నున్నంతవఱకు ఆ గోడకు కన్నము పడుచునే యుండును.

వేఱొక విధమైన అతిథులను గూర్చియు ఒక్కమాట చెప్పవలయును. నదికి ఉత్తరపు గట్టున జుఫురే అను పల్లె కలదు. అమెరికా దేశపు నల్లజాతి రచయిత అలెక్స్ హేలీ 1976వ సంవత్సరమున ప్రకటించిన ‘రూట్స్’ అను గ్రంథములో, తన పూర్వికుడు కుంటా కింటే ఈ పల్లెనుండియే బానిసగ కొనిపోబడెనని వ్రాసెను. నాటినుండి ఆ పల్లె లోకప్రసిద్ధమైనది. అమెరికాలోని నల్లవారెందఱో కన్నీటితో అచ్చటి మట్టిని తాకి పోవుదురు. నదిలో బానిసల వ్యాపారమునకు కేంద్రమై యుండిన కోట గల దీవిని 2003లో ప్రపంచ వారసత్వ స్థలములలో చేర్చిరి. 2011లో దానికి కుంటా కింటే దీవి యని పేరు మార్చిరి. వీరు అతిథులనుటకంటె, ఇల్లు విడిచి తప్పిపోయిన బిడ్డల సంతతి యనుట న్యాయము. కాని వీరు వచ్చు పడవలోనే వినోదార్థులును వత్తురు. ఒక పూటలో వచ్చి, పల్లెవారి ముఖములను చిత్రములు తీసికొని, మాపటికి హోటలు చేరుదురు. తమ పూర్వుల దుఃఖమునే ప్రతిదినము క్రొత్తవారికి చూపి జీవింపవలసి వచ్చుట ఆ పల్లెవారికి ఎట్లుండునో మనము యోచింపవలయును.

ఇట్లనుటచేత అతిథులు రాకుండుటయే మేలని మీరు తలపకుడు. రానినాడు ఏమగునో ఆ దేశము పలుమాఱులు చూచినది. 1994వ సంవత్సరము జులైలో సైనికులు ప్రభుత్వమును కూలద్రోసిరి. ఆ నవంబరులో బ్రిటిష్ ప్రభుత్వము తన ప్రజలను గాంబియాకు పోవలదని హెచ్చరించగా హోటళ్లు బోసిపోయెను. 2014లో పొరుగునకు కొంత దూరముననున్న దేశములలో ఎబోలా యను మహమ్మారి చెలరేగినది. గాంబియాలో ఒక్కరికైనను ఆ రోగము సోకలేదు. అయినను ఆఫ్రికా అంతయు ఒక్క యిల్లే యనుకొన్న యాత్రికులు ఆ యేడు ముఖము చాటుచేసిరి. 2017వ సంవత్సరము జనవరిలో, ఎన్నికలలో ఓడిన అధ్యక్షుడు గద్దె దిగనని భీష్మించినప్పుడు, మంచి సీజను నడుమ వేలకొలది యాత్రికులను విమానములలో తరలించుకొని పోయిరి. 2019 సెప్టెంబరులో థామస్ కుక్ అను ప్రఖ్యాత బ్రిటిష్ యాత్రా కంపెనీ దివాలా తీసినది. అదియే గాంబియాకు హెచ్చుమందిని చేర్చుచుండిన సంస్థలలో నొకటి. ఆ దెబ్బనుండి లేవకముందే 2020 మార్చిలో కోవిడ్ మూలముగ విమానములన్నియు ఆగిపోయినవి.

గమనింపుడు! వీనిలో కొన్ని ఆ దేశపు లోపలి తగవులు. కొన్ని సముద్రమున కావల జరిగిన సంగతులు. లండనులో ఒక కంపెనీ తలుపులు మూసినచో, గాంబియాలో పండ్లమ్ము స్త్రీ ఒసుసునకు తన వంతు చెల్లింపలేదు. ఆమె చెల్లింపనిచో ఆమె పొరుగింటి స్త్రీకి రావలసిన మొత్తము రాదు. ఆ యింటి బిడ్డకు బడిజీతము తప్పును. ఆ బిడ్డకు థామస్ కుక్ ఎవరో తెలియదు. ఆ కంపెనీవారికి ఈ బిడ్డ యెవరో తెలియదు. ఒక్క వచ్చుబడిపైననే ఇల్లు నిలిపినచో కలుగు ప్రమాదమిది. ఒకనాడు ఆ దేశము ఒక్క వేరుసెనగనే నమ్ముకొనెను. ధర పడిపోయిననాడు కన్నీరు పెట్టెను. తరువాత యాత్రికులను నమ్ముకొనెను. పంట మాఱినది కాని, పద్ధతి మాఱలేదు.

మఱి ఉపాయము లేదా? ఉన్నది, దానిని చూపినవారు ఆ దేశపు చిన్న వర్తకులే. 2000వ సంవత్సరమున పండ్లు, పండ్లరసములు, చేతిపనులు అమ్ముకొనువారును, దారి చూపువారును, చిన్న సత్రములు నడుపువారును కలసి తమకొక సంఘము నేర్పరచుకొనిరి. అంతకు పూర్వము పండ్లమ్ము స్త్రీలు నెత్తిపై గంపలతో ఇసుకలో దినమంతయు తిరుగుచు, కనబడిన ప్రతి యాత్రికుని వెంట పడుచుండిరి. ఆ తాకిడికి వెఱచి యాత్రికులు హోటలు లోపలనే కూర్చుండిరి. యాత్రికులు బయటికి రానందున స్త్రీల ఆకలి పెరిగినది. ఆకలి పెరిగినందున వెంటపడుట పెరిగినది. ఇరువురకును నష్టమే.

అంతట హోటలువారును అమ్మకందార్లును ఒకచోట కూర్చుండి మాటలాడుకొనిరి. తీరమున శుభ్రమైన చిన్న బల్లలు నిలుపుట, అమ్మువారు గుర్తుబిళ్లలు ధరించుట, ధరలు వ్రాసి పెట్టుట, వంతులు పాటించుట, ఎవరును యాత్రికుని వెంట పడకుండుట—ఇవి వారు తమకు తామే విధించుకొన్న కట్టుబాట్లు. యాత్రికుడు తానే నడచి వచ్చుట మొదలిడెను. ఆ స్త్రీల ఆదాయము హెచ్చినది. పండ్లరసము తీయువారి రాబడి రెట్టింపు దాటినదని ఆ కార్యమును నడపినవారు లెక్క వ్రాసిరి. ఇందులో ధర్మకార్యము గాని, దానము గాని యేమియు లేదు. మాటలాడుకొనుట, నియమము, శుభ్రత—ఈ మూడే పెట్టుబడి.

కూరతోటల సంగతి యింకను ముచ్చటైనది. స్త్రీలు బావులనుండి చేదలతో నీరు తోడి కూరలు పండించు కాలమే యాత్రికులు వచ్చు కాలమని మీరు గమనించితిరా? హోటలులో అతిథి, ఊరిలో కూర—రెండును ఒకే ఋతువున సిద్ధము. కాని నడుమ దారి లేదు. హోటలువారు కోరున దేమన: ప్రతిదినము, ఒకే తీరైన సరకు, చెప్పిన వేళకు. ఒంటరి స్త్రీ ఆ నియమమును నెరవేర్చలేదు. 2004వ సంవత్సరమున ‘గాంబియా ఈజ్ గుడ్’ అను పేర ఒక సంస్థ పుట్టి, చిన్న రైతులనుండి, అందు హెచ్చుగ స్త్రీలనుండి, కూరలు కొని హోటళ్లకు చేర్చుట మొదలిడినది. ఏ నెలకు ఏ విత్తనము వేయవలెనో, ఎట్లు ఏరి కట్టవలెనో నేర్పినది. దూరదేశపు ఓడకు బదులు పొరుగూరి బండి వంటయింటికి వచ్చినది. అతిథి తిన్న టొమాటో వెల, దానికి నీరు పోసిన చేతికి చేరినది.

నాకు ఈ వృత్తాంతమంతటిలో తోచున దొక్కటియే. అతిథులు ఎందఱు వచ్చిరన్నది గొప్ప కాదు. వారి సొమ్ము ఎన్ని గడపలు దాటి, ఎవరి కొంగున ముడిపడినదన్నది ముఖ్యము. రెండు లక్షలమంది వచ్చినను, గోడ లోపలనే తిని గోడ లోపలనే పోయినచో, ఊరివారికి మిగులునది ఇసుక లేని తీరమును, బడి మానిన బిడ్డలును. వారిలో కొందఱైనను గుమ్మము దాటి వచ్చి, న్యాయమైన వెలకు ఒక బొప్పాయి పండు కొన్నచో, ఒక ఒసుసు నిలుచును. గృహమును నడపు స్త్రీకి ఈ లెక్క పుస్తకము చూడకయే తెలియును. దేశములను నడపువారికే అది ఆలస్యముగ తెలియుచున్నది.

తుదకొక మాట. నేడు మన తెలుగు కుటుంబములును సెలవు వచ్చినచో విదేశములకు విహారయాత్రలు పోవుచున్నవి. కంపెనీకి ఒక్క మొత్తముగ సొమ్ము కట్టి, గుంపుగ వెళ్లి, గుంపుగ తిరిగివచ్చుట మనకును అలవాటైనది. మీరట్లు పోయినప్పుడు హోటలు గుమ్మమున నొక్క నిమిషము నిలిచి గాంబియాను తలచుకొనుడు. వెలుపల చెట్టు నీడను పండ్ల గంపతో కూర్చుండిన స్త్రీ యుండును. ఆమెతో అన్యాయముగ బేరమాడకుడు. అడుగకయే దానము చేయకుడు. ఆమె బిడ్డ చేతిలో చిల్లర పెట్టకుడు. చక్కని పండొకటి ఎంచి, తగిన వెల యిచ్చి, ఆమె ముఖము చూచి పుచ్చుకొనుడు. అప్పుడామె నవ్వినచో అది ప్రకటనలోని నవ్వు కాదు. మన యిండ్లలో అతిథి తృప్తిగ భుజించి లేచినప్పుడు మన ముఖమున వెలయు నవ్వే యని యెఱుగుడు.